పాత బ్రిటిష్ వీక్లీ కామిక్స్: ఏ బొమ్మల కథతో మొదలుపెట్టాలి, ఏ రూపంలో కొనాలి

బీనో కొనాలా, ఈగిల్ కొనాలా, బ్యాటిల్ కొనాలా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. పత్రిక పేరు చూసి కొనకండి. ముందు ఒక బొమ్మల కథను ఎంచుకోండి. అది ఏ సంవత్సరాల్లో, ఏ చిత్రకారుడి చేతిలో బాగా నడిచిందో తెలుసుకోండి. డబ్బు సంగతి ఆ తర్వాత.

ఎందుకంటే ఈ పత్రికల్లో చాలావరకు దశాబ్దాల తరబడి నడిచాయి. బీనో 1938 జులై 30న మొదలై ఇప్పటికీ వస్తోంది. దాని మొదటి ఏడాది సంచికకూ, 1955 సంచికకూ, 1985 సంచికకూ పేరు తప్ప పెద్దగా పోలిక కనబడదు. పైగా అమ్మకాలు తగ్గిన పత్రికను ఇంకో పత్రికలో కలిపేయడం అక్కడి ప్రచురణకర్తలకు బాగా అలవాటు. 1969లో ఈగిల్‌ను లయన్‌లో కలిపారు. 1974లో లయన్‌ను వేలియంట్‌లో, 1976లో వేలియంట్‌ను బ్యాటిల్‌లో కలిపారు. 1982లో మళ్లీ ఈగిల్ అనే పేరుతోనే కొత్త పత్రిక పెట్టి, 1988లో బ్యాటిల్‌ను తీసుకెళ్లి అందులో కలిపారు. ఇలా కలిపినప్పుడల్లా పాఠకులు బాగా ఇష్టపడే కొన్ని కథలు కొత్త ఇంటికి వెళ్లేవి, మిగతావి ఆగిపోయేవి. అందుకే చిన్నప్పుడు చదివిన ఒక కథ మొదలు ఒక పత్రికలో, చివర ఇంకో పత్రికలో ఉండటం మామూలే.

ఈ కామిక్స్ కోసం వెతికే తెలుగువాళ్లలో నాకు రెండు రకాలవాళ్లు కనిపిస్తారు. ఒకరు, అమ్మానాన్నలు డాక్టర్లుగా బ్రిటన్ వెళ్లడం వల్ల అక్కడ పెరిగినవాళ్లు. వీళ్లకు ఇవి సొంత బాల్యం. రెండోవాళ్లు ఇక్కడే ఉండి, ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల మార్కెట్‌లోనో, స్కూలు లైబ్రరీలోనో విడి సంచికలు చూసి, ఆ కథలు ఎక్కడ మొదలయ్యాయో ఎక్కడ ముగిశాయో తెలియకుండానే ఇష్టపడ్డవాళ్లు. ఇద్దరికీ కావలసినవి వేరు. ఎక్కడ ఎవరికి ఏది నప్పుతుందో చెబుతూ వెళ్తాను.

నవ్వించే కథలు: డాండీనా, బీనోనా?

రెండూ స్కాట్లాండ్‌లోని డండీ నగరం నుంచి డి.సి. థామ్సన్ సంస్థ తెచ్చినవే. డాండీ పెద్దది, 1937 డిసెంబర్ 4న మొదలైంది. సరిగ్గా 75 ఏళ్ల తర్వాత, 2012 డిసెంబర్ 4న దాని చివరి అచ్చు సంచిక వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంతో వచ్చిన కాగితం కొరత వల్ల 1941 నుంచి 1949 దాకా ఈ రెండూ వారం విడిచి వారం వచ్చేవి. ఒక వారం డాండీ, మరుసటి వారం బీనో.

డాండీ అంటే డెస్పరేట్ డాన్. డడ్లీ వాట్కిన్స్ గీసిన ఈ భారీ కౌబాయ్, గడ్డం గీసుకోవడానికి మంట విరజిమ్మే బ్లో ల్యాంపు వాడతాడు. వాళ్ల యాగీ ఆంటీ ఆవు మొత్తాన్నీ లోపల పెట్టి, పైన పిండి పొర కప్పి చేసిన ‘పై’ అనే వంటకం వడ్డిస్తుంది. ఆ పిండి పొరలోంచి కొమ్ములు, తోక బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. మనకు ఇది విడ్డూరంగా అనిపించవచ్చు. కానీ బ్రిటన్‌లో తిండి రేషన్ 1954 జులై దాకా సాగింది. మాంసం తూకం వేసి కూపన్ మీద ఇచ్చే రోజుల్లో ఒక పిల్లవాడు ఈ బొమ్మ చూస్తున్నాడని గుర్తుపెట్టుకోండి. ఆ కాలపు నవ్వు కథలు చాలావాటిలో చివరి ఫ్రేములో బహుమానం తిండే. గుట్టగా పోసిన ఉడికిన బంగాళదుంప ముద్ద, అందులోంచి తొంగిచూసే సాసేజీలు. ఆ ఆకలి తెలిస్తేనే ఆ నవ్వు తెలుస్తుంది.

అయినా రెండింటిలో ఒకటే ఎంచుకోమంటే నేను బీనో అంటాను. అదీ 1953 నుంచి 1962 వరకు వచ్చిన బీనో. 1951లో డేవిడ్ లా గీసిన డెనిస్ ద మెనస్ వచ్చాడు. 1953లో లియో బాక్సెండేల్ లిటిల్ ప్లమ్‌ను, మిన్నీ ద మింక్స్‌ను మొదలుపెట్టాడు. అదే ఏడాది కెన్ రీడ్ రోజర్ ద డాడ్జర్‌ను తెచ్చాడు. 1954లో బాక్సెండేల్ ఇంకో స్ట్రిప్ మొదలుపెట్టాడు. తర్వాత బాష్ స్ట్రీట్ కిడ్స్‌గా పేరు మారింది అదే. రెండు మూడేళ్లలో ఇంత జరిగింది. అంతకుముందు పిల్లల కథల్లో అల్లరివాడికి చివర్లో బుద్ధి వచ్చేది. వీళ్లకు దెబ్బలు పడతాయి కానీ బుద్ధి రాదు, వచ్చేవారం మళ్లీ అదే పని.

బాష్ స్ట్రీట్ కిడ్స్ పాత పేజీ దొరికితే తొందరపడి చదవకండి. బాక్సెండేల్ ఒక్కో పెద్ద ఫ్రేములో పదుల మంది పిల్లల్ని గీసేవాడు. ప్రతి మూలా ఒకడు ఇంకొకడిని ఏదో చేస్తూ ఉంటాడు. అసలు కథతో సంబంధం లేని చిన్న చిన్న కథలు ఆ మూలల్లో నడుస్తుంటాయి. 1962లో అతను బీనో వదిలిపెట్టాడు. తర్వాత వచ్చినవాళ్లు చక్కగానే గీశారు, ఏళ్ల తరబడి పిల్లల్ని నవ్వించారు. కానీ ఆ కిక్కిరిసిన పిచ్చి సందడి మళ్లీ ఆ స్థాయిలో నాకు కనిపించలేదు.

కెన్ రీడ్ గురించి ఒక మాట ఎక్కువ చెప్పాలి. 1958లో బీనోలో అతను మొదలుపెట్టిన జోనా కథలో, ఆ నావికుడు ఎక్కిన ఓడ మునగక తప్పదు. ఏం జరుగుతుందో ముందే తెలుసు. ఎలా జరుగుతుందన్నదే ఆసక్తి. చిన్న చిన్న ఫ్రేములు, ఒకదాని వెనక ఒకటి, అనర్థం అడుగు అడుగుగా దగ్గరికి వస్తుంది. ఓడలోని వాళ్ల ముఖాల్లో భయం పెరుగుతూ పోతుంది. హాస్య చిత్రకారుల్లో నాకు అందరికంటే ఇష్టమైనవాడు ఇతనే. తర్వాతి కాలంలో బస్టర్ పత్రికలో అతను గీసిన ఫేస్‌ఏక్, ముఖాన్ని ఎన్ని వికారాలుగానైనా మార్చుకోగల పిల్లవాడి కథ, 1970లలో బ్రిటిష్ పిల్లలకు బాగా గుర్తు.

బ్రిటన్‌లో 1970లలో పెరిగినవాళ్లయితే మీకు బీనో కంటే విజర్ అండ్ చిప్స్ దగ్గరగా అనిపించవచ్చు. 1969లో మొదలైన ఈ పత్రిక ఒకదాని మధ్యలో ఇంకొకటి పెట్టిన రెండు కామిక్స్. ఇందులోని పాత్ర దొంగచాటుగా అందులోని పేజీలోకి దూరేది. అది ఎక్కడ దాక్కుందో వెతకడం పిల్లలకు ఆట. ఈ ఆట ఒక్కో కథను విడిగా తీసి వేసిన పుస్తకాల్లో పోతుంది. కాబట్టి దీనికి మాత్రం పాత సంచికే కొనాలి.

చిన్నపిల్లలకు చదవడానికి ఇద్దామనుకుంటే ముందు మీరు ఒకసారి చూడండి. పాత బీనోలో చాలా కథలు తండ్రి చెప్పు పట్టుకుని కొట్టడంతో ముగుస్తాయి. అంతకంటే ఇబ్బందిపెట్టేవి వేరే జాతుల వాళ్లను వెక్కిరించే బొమ్మలు. బీనో మొదటి సంవత్సరాల్లో పత్రిక పేరు పక్కనే నల్లజాతి పిల్లవాడిని హేళన చేసే బొమ్మ ఉండేది. యుద్ధ కథల్లో జపాన్ వాళ్లను, జర్మన్లను పిలిచే పిలుపులు కూడా అలాగే ఉంటాయి. ఇవన్నీ ఆ కాలపు పిల్లలకు వారం వారం అందిన సంగతులే. వాటిని దాచనక్కర్లేదు, కానీ ఎనిమిదేళ్ల పిల్లాడి చేతికి వివరించకుండా ఇవ్వకూడదు.

సాహస కథలు: డాన్ డేర్ ముందు, మిగతావి తర్వాత

ఈగిల్ 1950 ఏప్రిల్ 14న మొదలైంది. పెట్టింది మార్కస్ మోరిస్ అనే చర్చి పాస్టర్. అమెరికా నుంచి వస్తున్న హారర్ కామిక్స్ పిల్లల్ని పాడుచేస్తున్నాయని బాధపడి, వాటికి దీటుగా మంచి కాగితం మీద, మంచి రంగుల్లో ఒక పత్రిక తేవాలనుకున్నాడు. చిత్రకారుడు ఫ్రాంక్ హాంప్సన్. మొదటి సంచిక తొమ్మిది లక్షల ప్రతుల దాకా అమ్ముడైంది.

ముఖచిత్రం మీదే మొదలయ్యే డాన్ డేర్ కథలో భూమి మీద తిండి కరువు. దానికి మందు వెతుక్కుంటూ శుక్రగ్రహానికి ప్రయాణం. రేషన్ మీద బతుకుతున్న దేశంలో అంతరిక్ష కథ కూడా తిండితోనే మొదలైంది. ఆ గ్రహం మీద ట్రీన్లు అనే ఆకుపచ్చ జాతి, వాళ్ల పాలకుడు మెకాన్. పెద్ద తల, చిన్న ఒళ్లు, గాల్లో తేలే పళ్లెంలాంటి ఆసనం. వారానికి రెండు పేజీల చొప్పున ఆ మొదటి కథ ఏడాదిన్నర సాగింది.

హాంప్సన్ పనితీరు తెలిస్తే ఆ పేజీలు వేరుగా కనిపిస్తాయి. సౌత్‌పోర్ట్‌లో ఒక పాత బేకరీలో స్టూడియో పెట్టి, సహాయకులను కూర్చోబెట్టి పనిచేసేవాడు. అంతరిక్ష నౌకలకు చిన్న నమూనాలు కట్టించేవాడు. తోటివాళ్లకు వేషాలు వేసి, ప్రతి ఫ్రేముకు నిలబెట్టి ఫోటోలు తీసి, వాటిని చూసి గీసేవాడు. వెలుతురు ఎటు నుంచి పడుతోంది, హెల్మెట్ మీద ఏ నీడ వస్తుంది, అన్నీ సరిగ్గా ఉండాల్సిందే. 1959లో అతను డాన్ డేర్‌ను వదిలేశాడు. తర్వాత ఏడాది ఫ్రాంక్ బెల్లమీ గీశాడు. బెల్లమీ గొప్ప చిత్రకారుడు, కానీ అది వేరే డాన్ డేర్. నా సలహా 1950 నుంచి 1959 వరకే చూడమని. అందులోనూ మొదటి శుక్రగ్రహ కథతో మొదలుపెట్టండి.

ఒక కష్టం ఉంది. ఇందులో మాటల బుడగలు పెద్దవి, అక్షరాలు చిన్నవి. ఇప్పటి కామిక్స్‌లో పది నిమిషాల్లో అయిపోయేంత పేజీలు ఇక్కడ అరగంట పడతాయి. అంత ఓపిక లేనివాళ్లకు ట్రిగన్ ఎంపైర్ బాగుంటుంది. 1965లో రేంజర్ పత్రికలో మొదలై, మరుసటి ఏడాది లుక్ అండ్ లెర్న్‌లోకి వచ్చిన ఈ కథను డాన్ లారెన్స్ పెయింటింగుల్లా వేశాడు. దూరపు గ్రహం మీద రోమ్ లాంటి సామ్రాజ్యం, ఖడ్గాలూ విమానాలూ ఒకే ఫ్రేములో. కథగా నాకు డాన్ డేర్ అంత పట్టు ఉన్నట్టు అనిపించదు. బొమ్మల కోసమైతే తప్పకుండా కొనాలి.

ఇక మన పొరుగువాళ్లకు బాగా తెలిసిన కథ ఒకటుంది. 1962లో వేలియంట్ పత్రికలో మొదలైన స్టీల్ క్లా. లూయీ క్రాండెల్ అనే ల్యాబ్ సహాయకుడికి ఒక చేయి పోయి, దాని స్థానంలో ఉక్కు చేయి అమర్చుకుంటాడు. కరెంట్ షాక్ తగిలితే మనిషి మాయమైపోతాడు, ఉక్కు చేయి మాత్రం గాల్లో కనిపిస్తూ ఉంటుంది. స్పెయిన్ చిత్రకారుడు హెసూస్ బ్లాస్కో నలుపు తెలుపుల్లో గీసిన ఆ నీడలు ఇప్పటికీ వెన్నులో చలి పుట్టిస్తాయి. 1972లో శివకాశి నుంచి ముత్తు కామిక్స్ మొదలైనప్పుడు ఈ కథ ఇరుంబుక్కై మాయావి పేరుతో తమిళంలోకి వచ్చి, అక్కడ ఒక తరం పిల్లలకు సొంత హీరో అయిపోయింది. చెన్నైలో పెరిగిన తెలుగువాళ్లలో కొందరికి ఆ పేరు వినగానే ముఖం వెలిగిపోతుంది. వాళ్లు మూలం చదవాలనుకుంటే మొదటి కథల నుంచే మొదలుపెట్టాలి. అక్కడ క్రాండెల్ ఇంకా మంచివాడు కాదు. తర్వాత గూఢచారిగా మారాక కథలు కాస్త మామూలైపోయాయి.

యుద్ధ కథలు: ఒక్కటే కొనగలిగితే చార్లీస్ వార్

ఇక్కడ నాకు తటపటాయింపు లేదు. బ్రిటిష్ వీక్లీలన్నిటిలోంచి ఒక్క కథనే దాచుకోమంటే నేను చార్లీస్ వార్ దాచుకుంటాను.

బ్యాటిల్ పత్రిక 1975 మార్చిలో మొదలైంది. పెట్టింది పాట్ మిల్స్, జాన్ వాగ్నర్. 1979 జనవరిలో మిల్స్ రచనతో, జో కల్హూన్ బొమ్మలతో చార్లీ బోర్న్ కథ మొదలైంది. చార్లీకి పదహారేళ్లు. వయసు దాచి 1916లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, సైన్యంలో చేరతాడు. పెద్దగా చదువుకోలేదు, ఇంటికి రాసే ఉత్తరాల నిండా అక్షర దోషాలు. ఆ ఉత్తరంలో అమ్మకు దిగులు కలగకుండా, ఇక్కడ అంతా బాగుంది అని రాస్తాడు. దాని పక్కనే బొమ్మలో బురద, ఇనుప ముళ్ల కంచె, సోమ్ యుద్ధంలో వరుసగా కూలిపోతున్న మనుషులు. అది పిల్లల పత్రిక. వారానికి మూడు నాలుగు పేజీలు. ఆ కొద్ది చోటులో వాళ్లు యుద్ధాన్ని పొగడకుండా, పిల్లల్ని విసిగించకుండా అన్ని సంవత్సరాలు ఎలా నడిపారో తలచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది. శత్రువుల తూటాకే కాదు, సొంత సైన్యం విధించిన మరణశిక్షకు కూడా సైనికులు చనిపోతారు ఇందులో. 1917లో ఎతాప్ల్ శిబిరంలో జరిగిన సైనికుల తిరుగుబాటు ఉంటుంది. చాలా చరిత్ర పుస్తకాలు పక్కన పెట్టేసే విషయం అది.

కల్హూన్ బొమ్మల్లో ప్రతి యూనిఫాం గుండీ, కందకంలోని ప్రతి పలకా వెతికి వేసినట్టు ఉంటుంది. కానీ నన్ను పట్టేసేది ముఖాలు. అలసిపోయిన ముఖాలు ఎన్ని రకాలుగా ఉంటాయో అతనికి తెలుసు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే దాకా చదివి ఆపేయండి. 1985లో మిల్స్ తప్పుకున్నాక వేరే రచయిత చార్లీని రెండో ప్రపంచ యుద్ధంలోకి తీసుకెళ్లాడు. ఆ భాగం లేకపోయినా మీకు వచ్చే నష్టమేమీ లేదు. ఈ కథను రెబెలియన్ సంస్థ 2018లో మూడు పెద్ద సంపుటాలుగా వేసింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అంతకంటే సులువైన దారి లేదు.

మన దగ్గర చాలామంది యుద్ధ కామిక్స్ అనగానే కమాండో గుర్తు చేసుకుంటారు. 1961లో మొదలైన ఆ జేబు పుస్తకాలు మన దేశంలో పాత పుస్తకాల దుకాణాల్లో బాగా తిరిగాయి. ఒక్కో పుస్తకంలో ఒక్కో కథ, అక్కడికక్కడే పూర్తి. రైలు ప్రయాణానికి కమాండో హాయి. వారం వారం ఎదురుచూసే కథ కావాలంటే మాత్రం అది కాదు. ఇక 1976లో వచ్చిన యాక్షన్ అనే పత్రిక హింస ఎక్కువైందన్న గొడవతో అదే ఏడాది అక్టోబర్‌లో ఆగి, కొన్ని వారాల తర్వాత మెత్తబడి తిరిగొచ్చింది. చరిత్ర కోసం ఒక సంచిక చూడవచ్చు, సేకరించాల్సినంత లేదు. 1977లో మొదలై ఇప్పటికీ వస్తున్న 2000 ఏడీ అనే పత్రిక గురించి ఇక్కడ ఎక్కువ రాయను. అందులోని జడ్జ్ డ్రెడ్ కథలు వరుస సంపుటాలుగా సులువుగా దొరుకుతాయి. మొదటి సంపుటం ఇంకా తడుముకుంటున్నట్టు ఉంటుంది కాబట్టి రెండోదానితో మొదలుపెట్టండి.

అమ్మాయిల పత్రికలను పక్కన పెట్టకండి

సేకరించేవాళ్లలో మగవాళ్లు ఎక్కువ కావడం వల్ల బంటీ, టామీ, జింటీ, మిస్టీ లాంటి పత్రికలు చాలాకాలం ఎవరి లెక్కలోకీ రాలేదు. ఇది నాకు బాధ కలిగించే విషయం. కథ చెప్పే పట్టులో వీటిలో కొన్ని అబ్బాయిల పత్రికలను దాటిపోయాయి.

బంటీ 1958 నుంచి 2001 దాకా నడిచింది. అందులోని ఫోర్ మేరీస్ అంటే సెయింట్ ఎల్మోస్ అనే హాస్టల్ స్కూల్లో చదివే నలుగురు మేరీలు. ఒకామె దొరల ఇంటి పిల్ల, ఇంకొకామె స్కాలర్‌షిప్ మీద వచ్చిన మామూలు ఇంటి పిల్ల మేరీ సింప్సన్. డబ్బున్న పిల్లలు సింప్సన్‌ను చిన్నచూపు చూడటం, మిగతా ముగ్గురూ ఆమె పక్కన నిలబడటం ఎన్నో వారాల కథలకు ముడిసరుకు. హాస్టల్లో చదివినవాళ్లెవరికైనా అది చటుక్కున తగులుతుంది.

1971లో వచ్చిన టామీ దారి వేరు. అక్కడ హీరోయిన్ల కష్టాలకు అంతుండదు. బెల్లా ఎట్ ద బార్ కథలో బెల్లా బార్లో అనే అమ్మాయికి జిమ్నాస్టిక్స్ అంటే ప్రాణం. ఆమెను పెంచే మామా అత్తా చాకిరీ చేయించుకుంటారు, సాధన చేయనివ్వరు. జాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ గీసిన ఆ గెంతులు, మలుపులు చూస్తే కదలికను కాగితం మీద పట్టుకోవడం అంటే ఏమిటో తెలుస్తుంది. మన సీరియళ్లలో అత్తారింటి కష్టాలు వారాల తరబడి చదివినవాళ్లకు టామీ వెంటనే ఎక్కేస్తుంది.

మిస్టీ 1978 ఫిబ్రవరిలో మొదలై రెండేళ్లే బతికింది. అన్నీ భయం కథలు. ఇందులోని మూన్‌చైల్డ్ రాసింది పాట్ మిల్స్, గీసింది మళ్లీ ఆర్మ్‌స్ట్రాంగే. 2016లో రెబెలియన్ దీన్ని ఇంకో కథతో కలిపి పుస్తకంగా వేసింది. మూడింటిలో దేనితో మొదలుపెట్టాలంటే, ఒకే పుస్తకంలో పూర్తయ్యేది కావాలనుకుంటే మిస్టీ. పాత సంచికల మీదే మనసుంటే బంటీ, ఎందుకంటే అది ఎక్కువ ఏళ్లు వచ్చింది. నా సొంత ఓటు టామీకి.

ఆటల కథల్లో 1954లో టైగర్ పత్రికలో మొదలైన ఫుట్‌బాల్ కథ రాయ్ ఆఫ్ ద రోవర్స్ పేరే అందరూ చెబుతారు. నాకు మాత్రం విక్టర్ పత్రికలో పరుగెత్తిన ఆల్ఫ్ టప్పర్ ఎక్కువ ఇష్టం. పగలంతా వెల్డింగ్ పని, సాయంత్రం కాగితంలో చుట్టిన చేపల వేపుడు, మర్నాడు యూనివర్సిటీ కుర్రాళ్లను ట్రాక్ మీద ఓడించడం. రాయ్ అందరూ కావాలనుకునే మనిషి, ఆల్ఫ్ మన వీధిలో ఉండే మనిషి.

ఏ రూపంలో కొనాలి

కథ ఎంచుకున్నాక మీ ముందు నాలుగు దారులుంటాయి: విడి సంచికలు, యాన్యువల్స్, కొత్తగా వేసిన సంపుటాలు, డిజిటల్ ప్రతులు.

సీరియల్‌గా సాగిన కథలకు సంపుటమే సరైనది. మన ఇళ్లలో వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి బైండు చేయించి దాచుకునేవారు, ఇదీ అలాంటిదే. డాన్ డేర్, చార్లీస్ వార్, స్టీల్ క్లా, మూన్‌చైల్డ్, ట్రిగన్ ఎంపైర్ అన్నీ ఇలా వచ్చాయి. అచ్చయిన పాత పేజీలను స్కాన్ చేసి వేసినవైతే గీత అక్కడక్కడా మందంగా కనిపించవచ్చు, రంగు పేజీలు నలుపు తెలుపుల్లో రావచ్చు. కొనే ముందు లోపలి పేజీల నమూనా చూడండి. చదివేటప్పుడు ఒకేసారి వంద పేజీలు లాగించకండి. ప్రతి మూడు పేజీలకు ఒక సశేషం పెట్టి రాసిన కథలివి. రోజుకు రెండు మూడు భాగాలు చదివితేనే ఆ బిగింపు పనిచేస్తుంది. లేకపోతే ప్రతి భాగం మొదట్లో వచ్చే జరిగిన కథ విసుగనిపిస్తుంది.

యాన్యువల్ అనేది క్రిస్మస్ కానుకగా ఏటా శరదృతువులో వచ్చే గట్టి అట్ట పుస్తకం. అట్ట మీద వేసే సంవత్సరం మరుసటి ఏడాదిది. అంటే 1975 అని ఉన్నది 1974లో అమ్మింది. మీరు పదేళ్ల వయసులో అందుకున్న పుస్తకం వెతుకుతుంటే ఈ లెక్క మరిచిపోవద్దు. నవ్వు కథలకు యాన్యువల్ చక్కటి ఎంపిక. సాహస కథలకు కాదు, ఎందుకంటే అందులో ఉండేవి విడిగా రాయించిన చిన్న కథలు, చాలాసార్లు వేరే చిత్రకారులు వేసినవి. డెనిస్ కోసమైతే కొనండి, చార్లీ కోసం కొనకండి. పాత యాన్యువల్‌లో ధర ఉన్న మూల కత్తిరించి ఉంటే కంగారు పడొద్దు, కానుకగా ఇచ్చేవాళ్లు ధర తీసేసేవారు. ఈ పుస్తకం ఫలానావారిది అనే పెట్టెలో ఎవరో పిల్లవాడి పేరు ఉన్నా నాకు అభ్యంతరం లేదు. పజిల్స్ పెన్నుతో నింపేసి ఉంటే మాత్రం ధర తగ్గించమనాలి.

విడి సంచికలు అసలైన అనుభవం. ప్రకటనలు, పాఠకుల ఉత్తరాలు, వచ్చేవారం ఉచిత కానుక ఉందని ఊరించే మాటలు, ఇవి ఏ సంపుటంలోనూ దొరకవు. కాకపోతే ఇవి న్యూస్‌ప్రింట్ మీద అచ్చయినవి. కాగితం పసుపెక్కి పెళుసుబారుతుంది, మధ్య పిన్నులు తుప్పు పడతాయి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతపు తేమలో ఇంకా త్వరగా పాడవుతాయి. ఆమ్లం లేని అట్ట వెనక పెట్టి, మంచి పాలియెస్టర్ కవర్లో, నేలకు ఆనకుండా ఉంచాలి. కొనేటప్పుడు వెన్ను, మధ్య పేజీ, వెనక అట్ట ఫోటోలు అడగండి. బంటీ విషయంలో ఇది మరీ ముఖ్యం. దాని వెనక పేజీలో కత్తిరించి బట్టలు తొడిగే కాగితం బొమ్మ ఉండేది, చాలా ప్రతుల్లో ఆ పేజీకి కత్తెర పడింది. ముఖచిత్రం మీద పెన్సిల్‌తో ఇంటిపేరో నంబరో ఉంటే అది పేపర్ షాపువాడు ఎవరింట్లో వేయాలో రాసుకున్న గుర్తు. నాకైతే అది లోపం కాదు.

మొదటి సంచికల జోలికి వెళ్లొద్దు. డాండీ మొదటి సంచిక, దాంతో ఇచ్చిన ఈలతో సహా, 2004లో 20,350 పౌండ్లకు అమ్ముడుపోయింది. 1970ల నాటి మామూలు సంచికలు అలా ఉండవు. ఇండియాకు తెప్పించుకుంటే పుస్తకం కంటే పోస్టు ఖర్చే ఎక్కువ కావచ్చు కాబట్టి, ఒక్కొక్కటి కాకుండా వరుసగా ఉన్న కట్టగా కొనడం మేలు. బ్రిటన్‌లో ఉన్న బంధువుల చిరునామాకు పంపించుకుని, వాళ్లు వచ్చేటప్పుడు తెప్పించుకునేవాళ్లూ ఉన్నారు. పాత డాండీ, బీనో బొమ్మలు తక్కువ ఖర్చులో చూడాలంటే, 1987లో రెండు పత్రికల యాభై ఏళ్ల సందర్భంగా మొదలుపెట్టిన పెద్ద సైజు సంకలనాలు వెతకండి. అవి సెకండ్‌హ్యాండ్‌లో తిరుగుతూనే ఉంటాయి.

డిజిటల్ గురించి తక్కువే చెబుతాను. రెబెలియన్ తన దగ్గరున్న పాత కథలు చాలావాటిని డిజిటల్‌గా అమ్ముతోంది, పోస్టు ఖర్చు లేదు, కాగితం పాడయ్యే బెంగ లేదు. పెద్ద ట్యాబ్లెట్ మీద స్టీల్ క్లా బాగుంటుంది. ఫోన్ మీద మాత్రం ఏ కథా చదవొద్దు. ఇవి పెద్ద పేజీ కోసం గీసినవి.

పేరు గుర్తులేని కథ వెతుకుతుంటే

బ్రిటన్‌లో పెరిగినవాళ్ల నుంచి ఎక్కువగా వినబడే ప్రశ్న ఇది. ఒక అమ్మాయి, ఒక వరద, ఊరంతా మునిగిపోయింది, ఏ పత్రికో గుర్తులేదు. అది బహుశా 1976లో జింటీలో వచ్చిన ఫ్రాన్ ఆఫ్ ద ఫ్లడ్స్. మాయ బూట్లు వేసుకుంటే గోల్స్ కొట్టే కుర్రాడు? బిల్లీస్ బూట్స్, 1970లో స్కోర్చర్‌లో మొదలైంది. ఇలా తేల్చాలంటే ముందు మీరు ఏ సంవత్సరాల్లో, ఎన్నేళ్ల వయసులో చదివారో రాసుకోండి. పేజీ సైజు గుర్తు చేసుకోండి. మామూలు కంటే బాగా పెద్దగా ఉంటే అది బీజర్‌గానీ టాపర్‌గానీ అయ్యే అవకాశం ఎక్కువ. కథ నవ్వు కోసమా, సాహసమా, ప్రతి వారం పూర్తయ్యేదా, సాగేదా చూడండి. పత్రిక తేలాక, అది ఏ ఏడాది దేనిలో కలిసిందో చూసి, మీ కథ కొత్త పత్రికలోకి వెళ్లిందో లేదో కనుక్కోండి. వెళ్లి ఉంటే ముగింపు అక్కడ ఉంటుంది, విలీనం జరిగిన వారం నుంచి ముందుకు వెతకండి.